దూరం ఒకటే, గంటలు రెండు రకాలు: ఐకావో సెక్రటరీ జనరల్‌కు బహిరంగ లేఖ

అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ సెక్రటరీ జనరల్ గారికి, మాంట్రియల్.

నమస్కారం.

రెండు దేశాల విమానాశ్రయాల పేర్లు కొడితే చాలు, దూరం ఇంత, ప్రయాణం ఇన్ని గంటలు అని చెప్పేసే లెక్కలు ఎక్కడ పడితే అక్కడ దొరుకుతున్నాయి. దూరంతో మాకు పెద్దగా పేచీ లేదు. ఆ గంటలను నమ్మి జనం కనెక్టింగ్ ఫ్లైట్లు పెట్టుకుంటున్నారు. మా బాధంతా అదే.

లెక్క జరిగేది ఇలా. భూమిని 6,371 కిలోమీటర్ల వ్యాసార్ధమున్న గోళంగా అనుకుని, రెండు చోట్ల అక్షాంశ రేఖాంశాలతో అతి దగ్గరి దారి కొలుస్తారు. భూమి అచ్చమైన గోళం కాదు కాబట్టి అర శాతం దాకా తేడా వస్తుంది, పోనివ్వచ్చు. తర్వాత ఆ దూరాన్ని గంటకు 900 కిలోమీటర్లతో భాగించి, పైకెక్కడానికీ దిగడానికీ ఓ అరగంట కలుపుతారు. తప్పు ఇక్కడుంది.

లండన్ హీత్రో, న్యూయార్క్ జేఎఫ్‌కే మధ్య దాదాపు 5,550 కిలోమీటర్లు. 900తో భాగిస్తే 6 గంటల 10 నిమిషాలు. కానీ తూర్పుకు వచ్చే విమానాన్ని జెట్ స్ట్రీమ్, అంటే బాగా ఎత్తులో పడమర నుంచి తూర్పుకు వీచే బలమైన గాలి, వెనక నుంచి తోస్తుంది. ఆ గాలి సగటున గంటకు 100 కిలోమీటర్లనుకున్నా 5 గంటల 33 నిమిషాల్లో వచ్చేస్తుంది. పడమరకు వెళ్లేటప్పుడు అదే గాలి ఎదురై 6 గంటల 56 నిమిషాలు పడుతుంది. దూరం అంగుళం మారలేదు, తేడా మాత్రం గంటా 23 నిమిషాలు. చలికాలంలో గాలి ఇంకా బలంగా ఉంటుంది. 2020 ఫిబ్రవరిలో తుఫాను గాలి తోడై ఒక విమానం న్యూయార్క్ నుంచి లండన్‌కు 5 గంటల లోపే చేరింది.

ఇదంతా గాల్లో ఉన్న సమయమే. టికెట్ మీద ఉండేది బ్లాక్ టైమ్. అంటే గేటు దగ్గర విమానం కదిలినప్పటి నుంచి అవతలి గేటు దగ్గర ఆగేదాకా. ట్యాక్సీయింగ్ (గేటుకూ రన్‌వేకూ మధ్య నేల మీద నడక), రన్‌వే ముందు క్యూ, దిగే ముందు గాల్లో చక్కర్లు అన్నీ అందులోవే.

గగనతలం మూతపడితే ఇక చెప్పక్కర్లేదు. 2022లో రష్యా మీదుగా దారి మూతపడ్డాక హెల్సింకి, టోక్యోల మధ్య తొమ్మిదిన్నర గంటల ప్రయాణం 13 గంటల దాకా పెరిగింది. సూటి దూరం చూపే పేజీలో ఇది కనబడదు.

దారి సూటిగా ఉండదని మీ సంస్థకు కొత్తగా చెప్పాలా? విమాన ప్రయాణపు ఉద్గారాలు లెక్కగట్టే మీ కార్బన్ కాలిక్యులేటరే 550 కిలోమీటర్ల లోపు దూరానికి 50, ఆపైన 5,500 దాకా 100, అది దాటితే 125 కిలోమీటర్లు కలుపుతుంది. ఉద్గారాల విషయంలో పట్టే ఈ శ్రద్ధే ప్రయాణికుడి గంటల విషయంలోనూ కావాలి.

సభ్య దేశాలకు మీరు ఒక సిఫారసు పంపండి. సమయం ప్రకటించే ప్రతి చోటా రెండు దిక్కులకూ విడివిడి అంకెలుండాలి. అది బ్లాక్ టైమో, గాల్లో సమయమో, ఏ సీజన్‌దో రాయాలి. స్థానిక వేళల పక్కనే యూటీసీ (ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక సమయం) ఉండాలి. ఎందుకంటే వేసవి వేళ కోసం అమెరికా మార్చి రెండో ఆదివారం, ఐరోపా అదే నెల ఆఖరి ఆదివారం గడియారాలు గంట ముందుకు జరుపుతాయి. ఆ మధ్య రోజుల్లో లండన్, న్యూయార్క్‌ల తేడా 5 గంటలు కాదు, 4. దూరాన్ని ఉత్త ‘మైళ్లు’ అని వదిలేయనివ్వకండి. నాటికల్ మైలు 1,852 మీటర్లు, మామూలు మైలు 1,609. ఒకదాన్ని ఇంకొకటి అనుకుంటే 15 శాతం దాకా తేడా వస్తుంది.

ఇట్లు,
విమాన మార్గాల లెక్కలు తెలిసిన కొందరం