మా భూషణం మూడో అధ్యాయంలోనే జైలుకెళ్లాల్సింది

గవర్నర్‌పేటలో మా పాత సామాన్ల కొట్టుకు వచ్చిపోయే అందరికీ, ముఖ్యంగా ‘సీసపు నాణెం’ నవలకి 250 రూపాయలు ముందే కట్టినవాళ్లకి,

సంక్రాంతికి ఇస్తానన్న పుస్తకం ఇవ్వలేకపోయాను. ప్రెస్సువాళ్ల తప్పేమీ లేదు. ఫోన్ చేసినవాళ్లతో “ప్రూఫులు దిద్దుతున్నానండీ” అంటూ వచ్చాను. అది సగమే నిజం. దిద్దుతున్న మాట వాస్తవమే కానీ, కొట్టేస్తున్నది అచ్చుతప్పుల్ని కాదు, అధ్యాయాల్ని.

కథ తెలియనివాళ్లకి రెండు ముక్కల్లో చెప్తాను. భూషణం అని ఒకాయన. నాలాగే మరచెంబులు, పాత రేడియోలు, చెక్క భోషాణాలు కొని అమ్ముకునే మనిషి. అమరావతి దగ్గర ఒక పాతింటి సామాను మొత్తం గుత్తగా కొంటాడు. అందులో ఒక భోషాణం అడుగున దొంగ అర. అరలో శాతవాహనుల నాటి సీసపు నాణెం ఒకటి, ఒక శిల్పాన్ని చూసి గీసిన బొమ్మ ఒకటి. ఆ శిల్పం ఇప్పుడెక్కడుందో ఎవరికీ తెలీదు. ఈయన దాన్ని వెతుక్కుంటూ బయల్దేరతాడు. దారిలో ఒక హత్య.

బొమ్మ సంగతి నేను గాల్లోంచి తీసింది కాదు. 1797లో ఈస్టిండియా కంపెనీ అధికారి కాలిన్ మెకంజీ అమరావతి బౌద్ధ స్తూపం దిబ్బని చూసేనాటికే, జమీందారు వాసిరెడ్డి వేంకటాద్రినాయుడు గారి కొత్త పట్నం కోసం అందులోని ఇటుకలూ రాళ్లూ తోడేస్తున్నారు. 1816లో మెకంజీ మళ్లీ వచ్చేసరికి ఇంకెంతో పోయింది. మిగిలినవాటికి తన మనుషుల చేత బొమ్మలు గీయించాడు. అవి లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీలో భద్రంగా ఉన్నాయి. బొమ్మలో ఉన్న రాళ్లలో కొన్ని మాత్రం ఇవాళ కనబడవు. బొమ్మ ఉంది, రాయి లేదు! పాత సామాన్లు అమ్మేవాడికి ఈ ఒక్క మాట చాలు నిద్ర పట్టకపోవడానికి. నాకు రెండేళ్లు పట్టలేదు. అందుకే ఈ నవల.

అచ్చుకిచ్చే ముందు మన కస్టమర్లు నలుగురికి చదవమని ఇచ్చాను. ముగ్గురు బాగుందన్నారు. నాలుగో ఆయన బందరులో ఉండే రిటైర్డ్ చరిత్ర లెక్చరర్. వారం తర్వాత కాగితాల కట్ట చంకలో పెట్టుకుని కొట్టుకొచ్చి, స్టూలు లాక్కుని కూర్చున్నారు. కాఫీ వద్దన్నారు. అప్పుడే అనుమానం వచ్చింది నాకు.

“ఏమయ్యా, మీ భూషణం మూడో అధ్యాయంలోనే జైలుకెళ్లాలి కదా. 180 పేజీలు ఎలా తిరిగాడు?”

నేను రాసిందేమిటంటే, ఆ ఇంటి పెరట్లో భూషణం ఒక కుండెడు నాణేలు తవ్వి తీస్తాడు. దారి ఖర్చులకని హైదరాబాదు జుమేరాత్ బజార్‌లో వాటిలో నాలుగు అమ్ముతాడు. చాలా హుషారుగా రాశాను ఆ సీను, బేరం కూడా బాగా కుదిరింది. కానీ భూమిలో దొరికిన నిధికి 1878 నాటి చట్టం ఒకటుంది. దాని విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకి రాతపూర్వకంగా తెలియజేయాలి. ఆ పది రూపాయలు ఇప్పటికీ పదే, ఎవరూ మార్చలేదు. ఆపైన 1972 చట్టం. నూరేళ్లు దాటిన నాణెమైనా శిల్పమైనా పురావస్తువు కిందికొస్తుంది. దానితో వ్యాపారం చెయ్యాలంటే లైసెన్సు ఉండాలి. దేశం దాటించడానికి ప్రభుత్వానికి తప్ప ఎవరికీ వీల్లేదు. చారిత్రక విలువున్న రాతప్రతులకైతే 75 ఏళ్లే.

ఇవేవీ నాకు తెలియక కాదు. తెలుసు కాబట్టే మన కొట్టులో నూరేళ్లవి ఉండవు. తాళపత్రాల కట్ట తెచ్చినాయన్ని వాకిట్లోంచే పంపేశాను కూడా. కలం పట్టుకోగానే అదంతా మర్చిపోయాను. హీరో కదా, ఏం చేసినా చెల్లుతుందనుకున్నానేమో. సిగ్గేసింది.

ఆయన అంతటితో ఆగలేదు. “నాణెం భోషాణంలో ఎన్నేళ్లుంది?” అన్నారు. ఎనభై అన్నాను. “తీసేసరికి తళతళ మెరిసిందా? దానిమీది రెండు తెరచాపల ఓడ స్పష్టంగా కనబడిందా?” అవునన్నాను, అలాగే రాశాను మరి. ఆయన లేచి మన కొట్టు వెనకాల టేబులు సొరుగు లాగారు. అందులో చేపల వలకి కట్టే సీసపు గుళ్లు ఎప్పటినుంచో పడున్నాయి. వాటిమీద సున్నం చల్లినట్టు తెల్లటి పొడి. ఒక గుండు అంచు బిస్కెట్టులా పొరలు పొరలుగా విచ్చుకుపోయింది. నేను చెయ్యి పెట్టబోతే “ముట్టుకోకు, విషం” అని వారించారు. చెక్కలోంచి పుల్లటి ఆవిరి ఊరుతూ ఉంటుందట, సీసానికి అది పడదట. ఇన్నేళ్లుగా ఆ సొరుగు తీస్తూ మూస్తూ ఉన్నాను, ఎలకలమందు ఒలికిందనుకునేవాణ్ణి!

ఆ రాత్రంతా టెన్షన్. తెల్లారేసరికి ఒకటి తట్టింది. ఎనభై ఏళ్లు చెక్కలో ఉన్న సీసం మెరవదంటే, మెరిసిన నాణెం నకిలీ అన్నమాట. నేను చేసిన తప్పే కథలో ఆధారం అయిపోయింది. భూషణం ఇప్పుడు పెరడు తవ్వడు, దేన్నీ అమ్మడు. నాణెం, బొమ్మ రెండూ పురావస్తు శాఖకి అప్పగించి, రసీదు జేబులో పెట్టుకుని తిరుగుతాడు. వెతికేది కూడా రాయిని కాదు, అది ఎవరి నుంచి ఎవరి చేతికి మారిందో చెప్పే కాగితాల్ని. దొంగ సరుకు దొరికిపోయేది అక్కడే. మన ప్రకాశం జిల్లా చందవరం బౌద్ధ శిల్పాన్ని ఆస్ట్రేలియా నేషనల్ గ్యాలరీ 2005లో కొని, 2016లో మన దేశానికి తిరిగిచ్చేసింది. అంత పెద్ద సంస్థే మోసపోగా లేనిది, నా నవల్లో విలన్ కాగితాలు నమ్మేవాళ్లు ఉండరా?

నకిలీ సంగతి చెప్పేశాడే, ఇంకేం సస్పెన్స్ అనుకోకండి. చేసిందెవరో చివరి పది పేజీల దాకా తేలదు. మొదటి రూపంలో హంతకుడు వేరే. ఆయన ఇప్పుడు నిర్దోషి.

ఇక డబ్బు సంగతి. మీరు కట్టినదాంట్లో చాలా భాగం కాగితం కొనడానికే అయిపోయింది. రీములు మా మేడమీద ఉన్నాయి, కావాలంటే వచ్చి చూడొచ్చు. డబ్బు వాపసు కావాలన్నవాళ్లకి సోమవారం నుంచి ఇచ్చేస్తాను. ఫోన్‌పే చేసినవాళ్లకి అదే నంబరుకి వేస్తాను, నగదు ఇచ్చినవాళ్లు కొట్టుకి రండి, కారణమేమీ అడగను. ఉంటామన్నవాళ్లకి పాత ధరే. ఎప్పుడొస్తుందంటారా, ఈసారి ఏ పండగ పేరూ చెప్పను. కట్టలు కొట్టులో దిగాకే ఫోన్ చేస్తాను.

ఇంకోమాట. నవల సంగతి బయటికి పొక్కాక కొట్టుకి నాణేలు రావడం మొదలైంది. మొన్న ఒక కుర్రాడు బండి స్టాండ్ వేసి, చేతిరుమాలు విప్పి చూపించాడు. ఏడు నాణేలు, మట్టి ఇంకా తడిగానే ఉంది. “అన్నా, నాణేల కథ రాసేది నువ్వే కదా, ఎంతిస్తావ్?” నేను కొననని, కలెక్టరాఫీసుకి తీసుకెళ్లమని, మట్టి మాత్రం కడగొద్దని చెప్పాను. “నిజమైనవేనా, అది చెప్పు చాలు” అన్నాడు. అదీ చెప్పనన్నాను. మూట కట్టుకుని వెళ్లిపోయాడు, ఎటు వెళ్లాడో తెలీదు. ఆ రోజే గుమ్మం దగ్గర బోర్డు పెట్టాను. దయచేసి పొలంలో దొరికినవి ఇక్కడికి తేకండి.

తేవాల్సినవి తెండి. కంచాలు, తూకం రాళ్లు, పాత గోడ గడియారాలు ఎప్పటిలాగే కొంటున్నాం. మరచెంబులు కొత్త సరుకు దిగింది. రెండింటికి మూత సగం తిరిగి పట్టేస్తోంది, వాటికి సగం ధరే తీసుకుంటాను.