వైవాలో తడబాటుకు మార్కులు కోయొద్దు

సంపాదకులకు,

పరీక్షల కాలం వచ్చిందంటే విద్యార్థుల ఒత్తిడి మీద మీ పత్రికలో వార్తలు, నిపుణుల సలహాలు వస్తుంటాయి. నిద్ర, తిండి, ఫోన్ గురించి చెబుతారు, మంచిదే. డిప్రెషన్‌లో ఉన్న మనిషికి బాగా తెలిసిన మాట కూడా సమయానికి నోటికి రాదన్న సంగతి మాత్రం ఎవరూ పెద్దగా రాయరు. హైదరాబాద్‌లో డిగ్రీ పిల్లలకు కెమిస్ట్రీ ప్రాక్టికల్స్ చేయించేదాన్ని కాబట్టి ఆ దెబ్బ ఎక్కడ తగులుతుందో నాకు తెలుసు. వైవాలో, అంటే ప్రాక్టికల్స్‌లో ఎగ్జామినర్ నోటితో ప్రశ్నలడిగే పరీక్షలో.

మా దగ్గర చదివిన ఒక అబ్బాయి టైట్రేషన్ చక్కగా చేశాడు, లెక్క కూడా సరిగ్గా వచ్చింది. బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ బ్యూరెట్ (టైట్రేషన్‌లో ద్రావణాన్ని కొలిచి వదిలే గీతల గాజు గొట్టం) చూపించి ఇదేమిటని అడిగితే పేరు రాలేదు. "అదే సార్, చుక్కచుక్కగా వదులుతాం కదా... కింది వంపు దగ్గర రీడింగ్ చూస్తాం..." అని ఆగిపోయాడు. "ఇన్నాళ్లూ ల్యాబ్‌లో ఏం చేశావయ్యా" అని నవ్వి, వైవా మార్కులు సగానికి పైగా కోసేశారాయన. ఆ అబ్బాయి అప్పటికే డిప్రెషన్‌కు మందులు వాడుతున్నాడని మాలో ఒకరిద్దరికే తెలుసు. రీడింగ్ ఎక్కడ చూడాలో చెప్పినవాడికి ఆ పరికరం తెలియదని ఎలా అనుకుంటాం?

ఇలా మాట తోచకపోవడాన్ని డాక్టర్లు పరీక్షించే పద్ధతి తేలికగానే ఉంటుంది. ఒక్క నిమిషంలో తోచిన జంతువుల పేర్లన్నీ చెప్పమంటారు. లేదా ఏదో ఒక అక్షరంతో మొదలయ్యే మాటలు చెప్పమంటారు. పేర్లు తెలిసి ఉంటే సరిపోదు. ఇంటి జంతువులు అయిపోగానే మనసు అడవికి మళ్లాలి, అక్కడి నుంచి నీళ్లలోకి దిగాలి. ఏవి చెప్పేశామో గుర్తుండాలి, అవే మళ్లీ నోట్లోంచి రాకుండా ఆపుకోవాలి. ఈ వెతుకులాటను ఎక్కువగా నడిపించేది మెదడు ముందు భాగం. డిప్రెషన్‌లో చాలామందికి మందగించేది సరిగ్గా ఈ పనే. జవాబుకు ముందు మౌనం పెరుగుతుంది, వాక్యం మధ్యలో ఆగిపోతుంది. దానికి తోడు 'నేనెందుకూ పనికిరాను' అన్న ఆలోచన లోపల తిరుగుతూ ఉన్న కాస్త ధ్యాసనూ లాగేసుకుంటుంది. (ఇది చదివి ఇంట్లో ఎవరికీ జంతువుల పరీక్ష పెట్టకండి. దీనొక్కదానితో డాక్టర్లే రోగం తేల్చరు.)

బైపోలార్ (కొన్నాళ్లు దిగులు, కొన్నాళ్లు అతి హుషారు ఉండే జబ్బు) ఉన్నవాళ్ల సంగతి ఇంకో రకం. మేనియా అనే ఆ అతి హుషారు దశలో మాటలు ఆపినా ఆగవు, ఒక విషయం నుంచి ఇంకోదానికి దూకుతుంటాయి. చూసేవాళ్లకు అది హుషారుగా, తెలివిగా కనిపిస్తుంది. కానీ అడిగిన మాట వెతికి చెప్పే పరీక్ష పెడితే, మూడ్ నిలకడగా ఉన్న రోజుల్లో కూడా వీళ్లలో కొందరు వెనకబడతారు.

ఇంట్లోవాళ్లు తెలుసుకోవాల్సింది మరొకటుంది. చికిత్సతో దిగులు తగ్గినా, ఆలోచనలోని ఈ మందకొడితనం కొందరిలో ఇంకొన్నాళ్లు ఉండిపోతుంది. 'నవ్వుతున్నాడు, తింటున్నాడు, ఇంకా మాటకు తడుముకుంటాడేంటి, మందులు పనిచేయట్లేదేమో' అని ఆపేస్తే మొదటికే మోసం. మందుల వల్ల కూడా కొన్నిసార్లు ఇలా జరగొచ్చు. ఫిట్స్‌కీ, మైగ్రేన్‌కీ ఇచ్చే టోపిరమేట్‌కు మాట తోచకపోవడం తెలిసిన సైడ్ ఎఫెక్టే. అలాంటప్పుడు డాక్టర్‌కు చెప్పాలి, సొంతంగా మానేయకూడదు. పెద్దవాళ్లలో డిప్రెషన్ అచ్చం మతిమరుపు జబ్బులా కనిపించవచ్చు కాబట్టి 'వయసు మీద పడింది' అని వదిలేయడమూ సరికాదు. ఉన్నట్టుండి మాట పడిపోయినా, మూతి వంకర పోయినా అది ఈ కోవలోది కాదు. పక్షవాతం కావచ్చు, వెంటనే 108కి ఫోన్ చేయాలి.

మన ఊళ్లో భాష చిక్కు కూడా ఉంది. బర్రె, గేదె, బఫెలో, భైంస్ నాలుగూ ఒకే బుర్రలో ఉండే హైదరాబాదీకి వైవా మాత్రం ఇంగ్లిష్‌లోనే పెడతాం. ఆరోగ్యంగా ఉన్న పిల్లలే రెండో భాషలో తడుముకుంటారు. డిప్రెషన్ ఉన్నవాడికి అది రెట్టింపు బరువు. ఆ గదిలో ఎగ్జామినర్‌కూ తెలుగో, ఉర్దూనో వచ్చే ఉంటుంది. అయినా ఇంగ్లిష్ ముక్క కోసం పట్టుబట్టడం నాకు వట్టి భేషజంగానే తోస్తుంది.

మానసిక అనారోగ్యాన్ని 2016 దివ్యాంగుల హక్కుల చట్టం వైకల్యాల జాబితాలో చేర్చింది. స్క్రైబ్ (చెప్పింది రాసిపెట్టే మనిషి) సాయానికి అర్హత ఉన్న దివ్యాంగులకు రాతపరీక్షలో గంటకు కనీసం 20 నిమిషాలు అదనంగా ఇవ్వాలని కేంద్రం 2018లో మార్గదర్శకాలిచ్చింది. రాయడానికి టైమ్ కావాలని ఒప్పుకున్నాం. నోటితో చెప్పడానికి కావాలంటే ఎందుకు ఒప్పుకోం? పైగా అక్కడ సర్టిఫికెట్ కావాలి. ఎవరైనా కాస్త తేడాగా మాట్లాడితే 'ఎర్రగడ్డకు తీసుకెళ్లాలి' అని జోకులేసే ఈ నగరంలో, డిప్రెషన్ ఉందని కాగితం పట్టుకుని ఆఫీసు రూముకు వెళ్లే విద్యార్థి ఎంతమంది ఉంటారు?

అందుకే సర్టిఫికెట్ అడగకుండా అందరికీ వర్తించే ఏర్పాటు కావాలి. ప్రశ్నను నోటితో అడగడంతో పాటు కాగితం మీద కూడా చూపించాలి. జవాబు కోసం కనీసం ఒక నిమిషం ఆగాలి, ఆ నిమిషంలో ఎగ్జామినర్ మధ్యలో దూరకూడదు. పేరు తోచకపోతే పనిని వివరించినా, బొమ్మ గీసినా, రాసి చూపించినా, ఏ భాషలో చెప్పినా మార్కులు వేయాలి. క్యాంపస్ ఇంటర్వ్యూలకు వచ్చే కంపెనీలనూ కాలేజీలు ఇదే అడగొచ్చు. దీనికి నిధులు అక్కర్లేదు, కమిటీలు అక్కర్లేదు. నోటీసు బోర్డుల మీద టైమ్‌టేబుల్ పక్కనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబర్ 14416 కూడా రాయించాలి. 24 గంటలూ ఉచితంగా పలికే ఆ నంబర్‌లో తెలుగులో మాట్లాడొచ్చని మా పిల్లల్లో చాలామందికి తెలియదు.

వచ్చే ప్రాక్టికల్స్ మొదలయ్యేలోపు విశ్వవిద్యాలయాల పరీక్షల విభాగాలు ఎగ్జామినర్లకు ఈ మేరకు ఒక సర్క్యులర్ పంపాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

– ఒక రసాయనశాస్త్ర అధ్యాపకురాలు,
తార్నాక, హైదరాబాద్