కొడుకు జైలు నుంచి విడుదలయ్యాడని మా చెల్లెలికి చెప్పి, ఆ తర్వాత నోరు విప్పని మీ కంపెనీకి ఫిర్యాదు

విజయవాడ,
నవంబరు 17

జనరల్ మేనేజర్ గారికి,

విషయం: అమెరికాలో జైలు రికార్డు వెతికిపెట్టే సర్వీసు కింద తప్పుడు సమాచారం ఇవ్వడం, మూడు నెలలుగా జవాబు ఇవ్వకపోవడం గురించి.

అయ్యా,

ఇది మీకు నేను రాస్తున్న నాలుగో ఉత్తరం. ముందు మూడూ ఈమెయిల్లో పంపాను. మూడింటికీ "మీ మెయిల్ అందింది" అని మెషీన్ పంపే జవాబే వచ్చింది, మనిషి రాసిన ముక్క ఒక్కటి కూడా రాలేదు. అందుకే ఈసారి కాగితం మీద రాసి స్పీడ్ పోస్టులో పంపుతున్నాను. అందుకున్నట్టు మీ ఆఫీసులో ఎవరో ఒకరు సంతకం పెట్టక తప్పదు. ఆ సంతకమైనా నా చేతికొస్తుంది.

మీకు నేను కొత్తవాణ్ని కాను. 2012లో మా అబ్బాయి అమెరికాకు చదువుకోవడానికి వెళ్లినప్పుడు లబ్బీపేటలో మీ బ్రాంచికే వచ్చాను. వాడి టికెట్లు, మా ఇద్దరి విజిటర్ వీసా కాగితాలు, ఇన్సూరెన్సు అన్నీ మీ దగ్గరే చేయించాను. మా సత్యనారాయణపురం నుంచే కనీసం ఐదు కుటుంబాలను నేను స్వయంగా మీ దగ్గరకు తీసుకొచ్చాను. పక్క వీధిలో తక్కువకు చేస్తామన్నా, "తెలిసిన చోటు, మాట మీద నిలబడతారు" అని మీ దగ్గరకే వచ్చాను. మా చెల్లెలు ఈ పని మీకు అప్పగించిందీ నా మాట మీదే. ఆ సంగతి ఇప్పుడు దాని ముందు తలెత్తుకోనివ్వడం లేదు.

నా మేనల్లుడు టెక్సస్‌లో ఉద్యోగం చేసేవాడు. తాగి కారు నడిపాడు, ఒక మనిషి చనిపోయాడు. కోర్టు ఆరేళ్లు శిక్ష వేసింది. వాడు చేసిన తప్పును నేను తక్కువ చేసి చెప్పడం లేదు. పోయిన ప్రాణం పోయినట్టే, శిక్ష వాడు అనుభవించాల్సిందే. కానీ తల్లికి కొడుకు ఎక్కడున్నాడో తెలియాలి కదా. కౌంటీ జైల్లో, అంటే అక్కడి జిల్లా జైల్లో, ఉన్నన్నాళ్లూ వాడి స్నేహితుడి ద్వారా కబురు తెలిసేది. జులైలో శిక్ష పడ్డాక కబురు ఆగిపోయింది. ఆ స్నేహితుడు ఫోన్ ఎత్తడం మానేశాడు. అప్పుడు మీ ప్రకటన చూసి ఆగస్టు 6న మీ బ్రాంచిలో 18,500 రూపాయలు కట్టాం. ఐదు పనిదినాల్లో వాడు ఏ జైల్లో ఉన్నాడో, ఖైదీ నంబరు ఏమిటో, విడుదల తేదీ ఎప్పుడో చెబుతామన్నారు.

ఆగస్టు 11 సాయంత్రం మీ ఏజెంటు మా చెల్లెలికే నేరుగా ఫోన్ చేసింది. "అమ్మా, మీ అబ్బాయి రిలీజ్ అయ్యాడండీ, రికార్డులో అలాగే ఉంది, కంగ్రాట్స్" అంది. ఈ మాట నేను కల్పించింది కాదు, కాల్ రికార్డింగ్ మా దగ్గర ఉంది. ఆరేళ్లు శిక్ష పడ్డవాడు నెల తిరక్కుండా ఎలా విడుదలవుతాడని ఆ అమ్మాయికి అనుమానం రాలేదు. మా చెల్లెలికీ రాలేదు. తల్లి కాబట్టి రాలేదు.

మర్నాడు అది దుర్గమ్మ కొండకు వెళ్లింది. యాభై ఎనిమిదేళ్ల మనిషి, రెండు మోకాళ్లూ అరిగిపోయాయని డాక్టరు చెప్పాడు. మెట్ల పూజ మొక్కుకుందట. ప్రతి మెట్టుకూ వంగి పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టుకుంటూ పైదాకా ఎక్కింది. నేను వెనకాల పసుపు డబ్బా పట్టుకుని ఎక్కాను. పైకి చేరేసరికి దాని వేళ్లు గోళ్ల దాకా పసుపుమయం. ఆ చేత్తోనే ఫోన్ తీసి కొడుకు పాత నంబరుకు కొట్టింది. స్విచాఫ్. "ఇంకా ఫోన్ తిరిగి ఇచ్చి ఉండరులే అన్నయ్యా" అంది. అప్పటినుంచి పన్నెండు రోజులపాటు ఫోన్ దిండు కింద పెట్టుకుని పడుకుంది. అక్కడికీ మనకూ పదిన్నర గంటల తేడా కాబట్టి వాడు రాత్రిపూట చేస్తాడని దాని ఆశ.

జరిగింది ఏమిటో తర్వాత తెలిసింది. మీ ఏజెంటు చూసింది కౌంటీ జైలు రికార్డు. శిక్ష పడ్డాక వాణ్ని కౌంటీ నుంచి రాష్ట్ర ప్రిజన్‌కు పంపించేశారు. కాబట్టి కౌంటీ రికార్డులో ఇక్కణ్నుంచి వెళ్లిపోయాడని ఉంది. మన గాంధీనగర్ జైల్లో ఉన్నవాణ్ని శిక్ష పడ్డాక రాజమండ్రి సెంట్రల్ జైలుకు తరలిస్తే, ఇక్కడి లెక్కలోంచి వాడి పేరు తీసేస్తారు. అంతమాత్రాన వాడు ఇంటికి వచ్చినట్టా? ఈ పనికి డబ్బు తీసుకునే కంపెనీలో ఈ మాత్రం తేడా తెలిసిన మనిషి ఒక్కరైనా ఉండాలి కదా.

పొరపాటు ఎవరైనా చేస్తారు. నేను ముప్పై నాలుగేళ్లు ఆర్ఎంఎస్‌లో (రైల్వే మెయిల్ సర్వీసులో) ఉత్తరాల సార్టింగ్ చేసినవాణ్ని. గుంటూరు సంచిలో పడాల్సిన ఉత్తరం గూడూరు సంచిలో పడ్డ రోజులు నాకూ ఉన్నాయి. కానీ పొరపాటు జరిగిందని తెలిశాక దాన్ని వెనక్కి తెప్పించి సరైన చోటికి పంపేవాళ్లం. చిరునామా దొరకని ఉత్తరాన్ని కూడా పారేయకుండా రిటర్న్‌డ్ లెటర్ ఆఫీసుకు పంపేవాళ్లం. మీ మీద నా కోపం పొరపాటుకు కాదు. ఆ తర్వాత మీరు చేసినదానికి.

ఆగస్టు 24న మీ కస్టమర్ కేర్‌కు మొదటిసారి ఫోన్ చేశాను. తెలుగు కోసం రెండు నొక్కమంటే రెండే నొక్కాను, హిందీ మాట్లాడే అబ్బాయి ఎత్తాడు. వచ్చీరాని హిందీలో మొత్తం చెప్పుకున్నాను. "యుఎస్ టీమ్ రాత్రికి చూస్తుంది సర్" అన్నాడు. మూడు రోజులు ఆగాను. మళ్లీ చేస్తే వేరే అమ్మాయి. మొదటినుంచి మొత్తం మళ్లీ చెప్పాను. ఆమె కంప్యూటర్‌లో చూసి, "మీ టికెట్ ఆగస్టు 11నే క్లోజ్ అయింది సర్, సమస్య పరిష్కారమైంది అని ఉంది" అంది. టికెట్ అంటే మా పని మీద మీ కంప్యూటర్లో తెరిచిన ఫైలట. విడుదలయ్యాడని చెప్పారు కాబట్టి పని అయిపోయినట్టు రాసుకున్నారన్నమాట. కొత్త టికెట్ ఇవ్వమంటే, అదే విషయం మీద రెండో టికెట్ తెరవడానికి సిస్టమ్ ఒప్పుకోదంది. మరి నేనేం చేయాలమ్మా అంటే, పాత టికెట్ తెరవడం బ్రాంచి చేతుల్లోనే ఉందంది.

బ్రాంచికి వెళ్లాను. ఇప్పటికి ఐదుసార్లు వెళ్లాను. వెళ్లిన ప్రతిసారీ గేటు దగ్గర రిజిస్టరులో పేరు, టైము, పని రాయించుకున్నారు, కావాలంటే తిరగేసి చూసుకోండి. సెప్టెంబరు 9న పదకొండింటికి వెళ్తే మేనేజరు మీటింగులో ఉన్నారన్నారు, ఒంటిగంటన్నరకు భోజనానికి వెళ్లారన్నారు, మూడింటికి ఫీల్డుకు వెళ్లిపోయారన్నారు. అద్దాల గదిలో ఆయన కూర్చుని ఉండటం నా కళ్లతో చూశాను. రెండోసారి కౌంటర్లో కుర్రాడు, "అంకుల్, ఇది హైదరాబాద్ హెడ్డాఫీసు వాళ్లే చూడాలి" అన్నాడు. హైదరాబాద్‌కు చేస్తే, "బ్రాంచి నుంచి రిక్వెస్ట్ రావాలి" అన్నారు. ఈ మాట చెప్పడానికి మూడోసారి వెళ్తే అదే కుర్రాడు నన్ను గుర్తుపట్టక, "ఎవరి గురించి అంకుల్?" అని అడిగి, హాల్లో పదిమంది వింటుండగా, "ఆ ఖైదీ మీకేమవుతాడు?" అన్నాడు. అందరూ తిరిగి చూశారు. అందులో మా కాలనీ ఆవిడ ఒకరున్నారు. ఇంటి గుట్టు వీధిన పడింది. మా చెల్లెలు దసరాకు పేరంటానికి కూడా ఎక్కడికీ వెళ్లలేదు.

సెప్టెంబరు 26న నాకు ఒక పీడీఎఫ్ పంపారు. "అటువంటి రికార్డు ఏదీ లేదు" అని రెండు లైన్లు, కింద ఒక స్క్రీన్‌షాట్. అంటే ముందు విడుదలయ్యాడన్న మనిషి ఇప్పుడు అసలు లేనే లేడు. ఆ రోజు మా చెల్లెలికి వచ్చిన ఆలోచనలు నేను కాగితం మీద పెట్టలేను. ఆ స్క్రీన్‌షాట్‌ను నేను ప్రింటు తీయించి భూతద్దంతో చూశాను. లాస్ట్ నేమ్ గడిలో వాడి పేరు ఉంది, ఫస్ట్ నేమ్ గడిలో ఇంటిపేరు ఉంది. మనం ఇంటిపేరు ముందు చెబుతాం, అక్కడ అది చివర వస్తుంది. పాస్‌పోర్టులో సర్‌నేమ్ అని విడిగా రాసే ఉంది, ఆ పాస్‌పోర్టు జిరాక్స్ మీ దగ్గరే ఉంది. తెలుగువాళ్లను పాతికేళ్లుగా అమెరికా పంపిస్తున్నామని బోర్డు పెట్టుకున్న కంపెనీకి తెలుగువాడి ఇంటిపేరు ఏ గడిలో రాయాలో తెలియదా? ఇది తప్పు అని పీడీఎఫ్ మీద గుండ్రంగా సున్నా చుట్టి ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టాను. నీలం టిక్కులు పడ్డాయి. జవాబు లేదు. అక్టోబరులో అదే నంబరు నుంచి దీపావళి శుభాకాంక్షలు, టికెట్ల మీద డిస్కౌంట్ అని మెసేజ్ వచ్చింది.

చివరికి పని ఎక్కడ అయిందో చెబుతాను. మా ఇంటి దగ్గర నెట్ సెంటర్లో కూర్చునే బీటెక్ కుర్రాడికి విషయం చెప్పాను. టెక్సస్ డిపార్ట్‌మెంట్ ఆఫ్ క్రిమినల్ జస్టిస్ అని అక్కడి రాష్ట్ర జైళ్ల శాఖ. ప్రస్తుతం తమ జైళ్లలో ఉన్నవాళ్ల వివరాలు ఎవరైనా వెతుక్కునేలా తమ వెబ్‌సైట్లోనే పెట్టింది. పైసా ఫీజు లేదు. ఇంటిపేరు అక్షరం పొల్లుపోకుండా కొట్టాలి, పేరులో మొదటి అక్షరం ఇచ్చినా చాలు. లేదంటే ఖైదీ నంబరుతోనో, ఎస్ఐడి అనే రాష్ట్ర గుర్తింపు నంబరుతోనో వెతకొచ్చు. సమాచారం పనిదినాల్లోనే మారుస్తామని, కనీసం ఒక రోజు పాతదై ఉంటుందని కూడా అక్కడే రాశారు. ఆ కుర్రాడు ఇంటిపేరు సరైన గడిలో కొట్టాడు. పది నిమిషాలు పట్టలేదు. వయసు, నేరం, శిక్ష, ఏ యూనిట్లో, అంటే ఏ జైల్లో ఉన్నాడు, పెరోల్‌కు అర్హత ఎప్పటినుంచి, విడుదల అంచనా తేదీ, అన్నీ ఉన్నాయి. ప్రింటుకు పది రూపాయలు తీసుకున్నాడు. ఇంకో పది ఇవ్వబోతే వద్దన్నాడు.

లక్షా ముప్పై వేల పైచిలుకు ఖైదీలున్న రాష్ట్రం అది. అంతమందిలో మావాడు పది నిమిషాల్లో దొరికాడు. లబ్బీపేటలో మీ మేనేజరు నాకు మూడు నెలల్లో దొరకలేదు.

ఆ ఖైదీ నంబరు ఎంత అవసరమో మీరు ఎవరూ మాకు చెప్పలేదు. అక్కడ ఖైదీలకు వచ్చే మామూలు ఉత్తరాలను ఇప్పుడు ఒకచోట స్కాన్ చేసి ట్యాబ్లెట్‌లో చూపిస్తున్నారు. కవరు మీద పేరుతోపాటు ఆ నంబరు రాయాలి. మా చెల్లెలు ఈ మూడు నెలల్లో పాత కౌంటీ జైలు అడ్రసుకు నాలుగు ఉత్తరాలు రాసింది. పోస్టాఫీసులో బతికినవాణ్ని, ఆ నాలుగు కవర్లూ నా చేత్తోనే డబ్బాలో వేశాను. ఒక్కటీ చేరలేదు. హ్యూస్టన్‌లో మన భారత కాన్సులేట్ ఉందని, విదేశాంగ శాఖ మదద్ పోర్టల్లో అర్జీ పెట్టుకోవచ్చని కూడా మీ దగ్గర ఎవరూ అనలేదు. అదీ ఆ కుర్రాడే చెప్పి, అర్జీ పెట్టి ఇచ్చాడు.

పోయిన వారం వాడి నుంచి ఉత్తరం వచ్చింది. "అమ్మా, నువ్వు ఉత్తరం రాయడం ఎందుకు మానేశావు? మావయ్యకు కూడా నా మీద కోపమా?" అని రాశాడు. దీనికి జవాబు మీరు చెప్పండి.

18,500 రూపాయలు తిరిగి ఇవ్వాలి, అది మీకూ తెలుసు. కానీ మీరు ముందు చేయాల్సింది వేరే ఉంది. మీ కంపెనీలో బాధ్యత ఉన్న మనిషి ఒకరు, కాల్ సెంటర్ కాదు, మెషీన్ కాదు, మా ఇంటికి వచ్చి మా చెల్లెలి ఎదురుగా కూర్చుని, "ఆగస్టు 11న మేం చెప్పింది తప్పు, ఆ తర్వాత మీ ఫోన్లకు జవాబు ఇవ్వకపోవడం ఇంకా పెద్ద తప్పు" అని చెప్పాలి. అదే మాట లెటర్‌హెడ్ మీద రాసి సంతకం పెట్టి ఇవ్వాలి. పరిష్కారమైంది అని రాసుకున్న ఆ టికెట్ తెరిచి, పరిష్కారం కాలేదు అని రాయాలి.

ఈ ఉత్తరం అందిన పదిహేను రోజుల్లో ఇది జరగకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. 2019 చట్టం ప్రకారం నేను ఉండే ఊళ్లోనే కేసు వేయొచ్చు. సర్వీసుకు కట్టిన సొమ్ము ఐదు లక్షల లోపు కాబట్టి ఫీజు కూడా లేదు. వినియోగదారుల 1915 హెల్ప్‌లైన్‌లో ఇప్పటికే ఫిర్యాదు నమోదు చేయించాను. నేను రిటైరైనవాణ్ని, నాకు తీరిక ఉంది. ప్రతి వాయిదాకూ వస్తాను. మీ దగ్గరకు తీసుకొచ్చిన ఆ ఐదు కుటుంబాల గడప మళ్లీ ఎక్కి జరిగింది జరిగినట్టు చెబుతాను.

మా చెల్లెలు మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా పడుకుంటుంది. ఆ సమయం తప్ప ఎప్పుడైనా రావచ్చు. చిరునామా మీ రికార్డులో ఉంది. ఇంటిపేరు ముందు ఉంటుంది.

ఇట్లు,
2012 నుంచి మీ కస్టమర్,
సత్యనారాయణపురం, విజయవాడ

జతపరిచినవి: ఆగస్టు 6 నాటి రసీదు జిరాక్స్, సున్నా చుట్టిన మీ పీడీఎఫ్ ప్రింటు, నెట్ సెంటర్లో తీయించిన పది రూపాయల ప్రింటు జిరాక్స్.