కంచె కింద సందు సంగతి తేల్చండి: అటవీ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన అటవీ శాఖ మంత్రి గారికి,

నగరం నడుమ ఉన్న అభయారణ్యంలో మరో చుక్కల జింక చనిపోయిందనీ, దాన్ని సహజ మరణంగా నమోదు చేశారనీ పత్రికల్లో చదివాం. అదే అభయారణ్యానికి కొత్త స్వాగత ద్వారం, రంగు దీపాలు మంజూరైన వార్త కూడా చదివాం. వీధికుక్కలు దూరుతున్న కంచె గురించి మాత్రం ఎక్కడా ఒక్క ముక్క లేదు. మా వినతిపత్రాలన్నిటికీ ‘పరిశీలనలో ఉంది’ అన్న జవాబే వచ్చింది. అందుకే ఇలా నలుగురి ముందు రాయాల్సి వస్తోంది.

కంచె ఎత్తు పెంచామని మీ అధికారులు చెబుతున్నారు. అయ్యా, వీధికుక్క కంచె దూకి రావడం లేదు, కింది నుంచి వస్తోంది. చైన్ లింక్ జాలీని స్తంభాలకు కట్టి, అడుగున బిగుతు తీగ లాగకుండా వదిలేశారు. అలాంటి జాలీ ముట్టెతో నెడితే పైకి లేస్తుంది. రెండు వానలకు అడుగు మట్టి కొట్టుకుపోతే నెట్టే పని కూడా ఉండదు. దీనికి మందు ఎత్తు కాదు. జాలీ అడుగు భాగాన్ని బయటి వైపుకు వంచి, 40 సెంటీమీటర్ల మేర నేల మీద పరిచి, మేకులు దిగ్గొట్టి, పైన మట్టీ రాళ్లూ కప్పాలి. కుక్క ఎప్పుడూ కంచె మొదట్లోనే తవ్వుతుంది. గోళ్లకు జాలీ తగలగానే మానేస్తుంది, వెనక్కి జరిగి తవ్వాలని దానికి తోచదు. లోపలి వైపుకు వంచితే ఈ ప్రయోజనమే ఉండదు. ఈ చిన్న తేడా టెండరు పత్రంలో రాయకపోతే కాంట్రాక్టరు తనకు ఏది సులువైతే అది చేసి వెళ్లిపోతాడు.

అన్నిటికన్నా పెద్ద గండి కంచె కింద నీరు పారే తూముల దగ్గర ఉంది. మేం పదేపదే మొత్తుకుంటున్నది దీని గురించే. తొలకరి వానకే ప్లాస్టిక్ కవర్లు, కొమ్మలు, కొబ్బరి బోండాలు వచ్చి తూము జాలీకి అడ్డం పడతాయి. నీరు నిలుస్తుంది. రోడ్డు మునిగిందని ఫిర్యాదు రాగానే ఎవరో వచ్చి జాలీ పీకేస్తారు, మళ్లీ బిగించరు. పీకకపోతే నీటి ఒత్తిడికి అదే ఊడిపోతుంది, లేదా నీరు పక్క నుంచి కోసుకుపోయి గోడ పునాది కిందే దారి చేసుకుంటుంది. వానాకాలం పొడవునా ఆ దారి తెరిచే ఉంటుంది.

తూములన్నిటికీ ఒకే రకం జాలీ పెట్టడం మరో తప్పు. నీరు బయటికి పోయే తూముకు పై అంచున కీలు ఉండి, బయటికి మాత్రమే తెరుచుకునే బరువైన జాలీ కావాలి. వరద తోస్తే తెరుచుకుంటుంది, తగ్గగానే దాని బరువుకు అదే మూసుకుంటుంది. బయటి నుంచి కుక్క నెట్టినా కదలదు. నీరు లోపలికి వచ్చే తూముకు మాత్రం అది పనికిరాదు, ప్రవాహంతో పాటే కుక్కా నెట్టుకుని వచ్చేస్తుంది. అక్కడ కదలని ఊచల జాలీని ఏటవాలుగా బిగించాలి. అప్పుడు చెత్త పైకి జరిగి కింద నీటికి దారి ఉంటుంది. ఊచల మధ్య ఎడం 8 సెంటీమీటర్లు దాటకూడదు. వానలకు ముందు ఒకసారీ, పెద్ద వాన పడిన ప్రతిసారీ చెత్త తీయాలి. ఆ పని ఎవరిది? అటవీ శాఖను అడిగితే నగరపాలక సంస్థను చూపిస్తారు, వాళ్లు మళ్లీ మీ శాఖనే చూపిస్తారు.

పైగా చుట్టుపక్కల కొత్త కాలనీల వరద కాలువను తెచ్చి అభయారణ్యంలోకి కలిపారు. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972లోని సెక్షన్ 29 ప్రకారం చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి లేకుండా అభయారణ్యంలోకి వచ్చే నీటిని మళ్లించకూడదు, ఆపకూడదు, పెంచకూడదు. ఈ కాలువకు అనుమతి ఉంటే బయటపెట్టండి. లేకపోతే ఎవరి మీద చర్య తీసుకున్నారో చెప్పండి.

ఇక ఆ సహజ మరణం మాట. కుక్కల గుంపు తరిమితే జింక కాటు పడకుండానే చనిపోవచ్చు. ప్రాణభయంతో పరుగెత్తినప్పుడు ఒళ్లు విపరీతంగా వేడెక్కుతుంది, కండరాలు దెబ్బతింటాయి, వాటి నుంచి విడుదలయ్యే పదార్థం మూత్రపిండాలను పాడుచేస్తుంది. పశువైద్యులు క్యాప్చర్ మయోపతి అనేది దీన్నే. తప్పించుకున్న జింక కొన్ని గంటలకో, కొన్ని రోజులకో కూలిపోతుంది. ఒంటి మీద గాయం లేదని సహజ మరణం అని రాసేస్తే ఎలా? కండరాలు పాలిపోయాయా, మూత్రం ముదురు గోధుమ రంగులో ఉందా అని శవపరీక్షలో చూడాలి, కండరం ముక్కను ల్యాబ్‌కు పంపాలి. మా బాధ ఒక్క జింకల గురించే కాదు. నెమలి నేల మీదే గుడ్లు పెట్టి సుమారు 28 రోజులు పొదుగుతుంది. తీతువు పిట్టకైతే గూడే ఉండదు. నక్కలకు, ముంగిసలకు కుక్కల నుంచి డిస్టెంపర్ అనే వైరస్ జబ్బు, రేబిస్ సోకుతాయి.

కుక్కల మీద మాకు కోపం లేదు. 2023 జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం శస్త్రచికిత్స చేసి, టీకా వేసి, పట్టిన చోటే వదలాలి. అంటే అవి మళ్లీ ఆ కంచె పక్కకే వస్తాయి. సందు పూడ్చకుండా, కంచె వారన కుమ్మరిస్తున్న తిండి వ్యర్థాలు ఎత్తకుండా కుక్కలను పట్టి లాభం లేదు.

న్యూజిలాండ్‌లోని వెల్లింగ్టన్ నగరంలో జీలాండియా అనే అభయారణ్యం ఉంది. 225 హెక్టార్ల చుట్టూ 8.6 కిలోమీటర్ల కంచె 1999లో పూర్తయింది. అంత పకడ్బందీగా కట్టినా చిట్టెలుకలను పూర్తిగా ఆపలేకపోయారు. కంచె కట్టడంతో పని అయిపోదని తెలుసు కాబట్టే దాన్ని నిత్యం తనిఖీ చేస్తూ ఉంటారు. మన దగ్గర కంచెకు శంకుస్థాపన ఉంటుంది, ప్రారంభోత్సవం ఉంటుంది, మరమ్మతుకు పద్దు మాత్రం ఉండదు.

దయచేసి స్వాగత ద్వారం ఆపి, ఆ నిధులు కంచె అడుక్కి మళ్లించండి. రంగు దీపాలు అసలే వద్దు, రాత్రి తిరిగే పునుగు పిల్లులకు, గుడ్లగూబలకు చీకటి కావాలి. ప్రతి తూముకు నంబరు వేసి, బాధ్యుడైన ఉద్యోగి హోదా పక్కనే రాయించండి. వారానికోసారి కంచె వెంట నడిచి చూసిన నివేదిక గేటు దగ్గర అంటించండి. శవపరీక్ష నివేదికలు దాచకండి. ఇవన్నీ ఒక్కసారే కాకపోతే తూముల జాలీలైనా తొలకరి లోపు బిగించండి. ఏ తేదీకి బిగిస్తారో రాతపూర్వకంగా చెప్పండి. ‘పరిశీలనలో ఉంది’ అని మాత్రం మళ్లీ రాయకండి.

ఇట్లు,
అభయారణ్యం బాగు కోరే నగరవాసులు