సంతకం పెట్టే ముందు నేల చూడొద్దా?

సంపాదకుల వారికి,

గుంటూరు బ్రాడీపేటలో 26 ఏళ్లుగా స్ట్రక్చరల్ డిజైన్లు చేస్తున్నాను. పోయిన నెల ఒక సాయంత్రం ఒక మేస్త్రీ ఇంటి యజమానిని వెంటబెట్టుకుని వచ్చాడు. ఆయన రిటైరైన బడిపంతులు. మేస్త్రీ పాలిథిన్ కవరులోంచి డ్రాయింగులు తీసి బల్ల మీద పరిచి, "సార్, స్టెబిలిటీ సర్టిఫికెట్ మీద ఒక్క సంతకం పెట్టండి, 5 వేలు ఇప్పిస్తాను" అన్నాడు. కట్టడం గట్టిగా నిలుస్తుందని ఇంజనీరు ఇచ్చే హామీ పత్రం అది. డ్రాయింగు వేసిందెవరో దాని మీద పేరు లేదు. పునాదులు అప్పటికే పోసేశారట. ఎంత లోతు తీశారంటే, "4 అడుగులండీ, గట్టి నేలే" అన్నాడు. సైటేమో ఊరి శివారు నల్లరేగడి.

నేను పెట్టనన్నాను. పది రోజులకు మేస్త్రీ బజార్లో కనపడి, "పనైపోయింది సార్, ఇంకో ఇంజనీరు సంతకం పెట్టాడు, సైటు దాకా రానక్కర్లేదన్నాడు" అని చెప్పాడు.

మే నెలలో మా శివారు చేలల్లో బీటల్లోకి చెయ్యి మోచేతి దాకా దూరుతుంది. నాలుగు వానలు పడ్డాయా, అదే మట్టి ఉబ్బి పునాదిని పైకి తోస్తుంది. మళ్లీ ఎండాకాలం వస్తే కుంచించుకుపోయి కిందికి వదిలేస్తుంది. లోతైన నల్లరేగడిలో అండర్ రీమ్డ్ పైల్స్ (అడుగున ఉబ్బెత్తుగా వెడల్పు చేసి పోసే పునాది స్తంభాలు) కనీసం 3.5 మీటర్లు దిగాలని పైల్ పునాదుల భారతీయ ప్రమాణం ఐఎస్ 2911 ఊరికే చెప్పలేదు. అంటే పదకొండున్నర అడుగులు! 4 అడుగుల దగ్గర ఆగిన ఇంటికి నాలుగైదు వేసవులు గడిచేసరికి కిటికీ మూల నుంచి ఐమూలగా పగులు పడుతుంది. సిమెంటు పూసి రంగు వేస్తారు, మరుసటి ఏడాది మళ్లీ అక్కడే తెరుచుకుంటుంది. ఇలాంటి ఇళ్లు ఎన్ని చూశానో!

మా అమ్మాయి అమెరికాలోని టెక్సాస్‌లో ప్రొఫెషనల్ ఇంజనీరు (పీఈ), అంటే లైసెన్సున్న ఇంజనీరు. చదువు కాగానే ఎఫ్‌ఈ అనే తొలి పరీక్ష రాసింది, లైసెన్సున్న ఇంజనీర్ల కింద నాలుగేళ్లు పనిచేసింది, ఆ తర్వాత 80 ప్రశ్నల పీఈ పరీక్ష గట్టెక్కింది. ఏటా 15 గంటలు కొత్త సంగతులు నేర్చుకుంటేనే లైసెన్సు నిలుస్తుంది. తాను చేయని, దగ్గరుండి చేయించని డ్రాయింగు మీద సీలు వేస్తే ఆ లైసెన్సుకే ఎసరు. 1937లో అక్కడ న్యూ లండన్ అనే ఊళ్లో బడిలో గ్యాస్ పేలి దాదాపు 300 మంది చనిపోయారు, ఎక్కువమంది పిల్లలే. అదే ఏడాది ఇంజనీర్లకు లైసెన్సు తప్పనిసరి చేస్తూ ఈ చట్టం తెచ్చారు. రేపు అమ్మాయి కాలిఫోర్నియాలో సివిల్ లైసెన్సు కావాలంటే, భూకంపాల మీద, సర్వే మీద విడిగా పరీక్షలు రాయాలి. అక్కడి నేల సంగతి తెలిసిందా లేదా అని అడుగుతారన్నమాట.

నా లైసెన్సప్పుడు డిగ్రీ, అనుభవ పత్రం చూసి రుసుము కట్టించుకున్నారు. నల్లరేగడి గురించి ఒక్క ముక్క అడిగినవాళ్లు లేరు. న్యాయవాదులకు 1961లో, ఆర్కిటెక్టులకు 1972లో చట్టాలొచ్చాయి. ఇంజనీర్లకు దేశం మొత్తానికి అలాంటి చట్టం నేటికీ లేదు.

అది వచ్చేదాకా ఆగనక్కర్లేదు. లైసెన్సులిచ్చే అధికారులకు నా మనవి ఒకటే: లైసెన్సు ఇచ్చేముందు ఇక్కడి నేలల మీద, భూకంప కోడ్ మీద ఒక పరీక్ష పెట్టండి. గుంటూరు, విజయవాడ రెండూ ఆ కోడ్ ఐఎస్ 1893:2016 ప్రకారం మూడో భూకంప జోన్‌లో, అంటే ఓ మోస్తరు ముప్పున్న ప్రాంతంలో ఉన్నాయి. కాంక్రీటు పోయకముందే పునాది గుంత దగ్గర ఇంజనీరు నిలబడి తీసిన ఫొటో, మట్టి పరీక్ష నివేదిక దరఖాస్తుతో పాటు ఉండాలనండి. నా దగ్గర పని నేర్చుకున్న కుర్రాడొకడు, "సార్, మీకు పనులున్నాయి కాబట్టి కాదంటారు. నేను కాదంటే అద్దె ఎవరు కడతారు?" అన్నాడు. రూల్ ఉంటే ఆ కుర్రాడు కూడా ధైర్యంగా కాదనగలడు.

ఆ పంతులుగారు రిటైర్మెంటు డబ్బంతా ఆ ఇంట్లోనే పెట్టారు. నేను విషయం చెప్పబోయేసరికి మేస్త్రీ కాగితాలు చుట్టేసి లేచాడు. ఆయన ఈ ఉత్తరం చదివితే ఒకసారి మా ఆఫీసుకు రమ్మని మనవి. పై అంతస్తు వేయకముందే ఆ పునాదికి ఇప్పటికైనా ఏం చేయవచ్చో వచ్చి చూసి చెబుతాను. ఫీజు అక్కర్లేదు.

– ఒక స్ట్రక్చరల్ ఇంజనీరు,
బ్రాడీపేట, గుంటూరు