స్పేసర్ల అమ్మకానికి ధ్రువపత్రం తప్పనిసరి చేయాలి

సంపాదకులకు,

అయ్యా,

జీపు తరహా వాహనాలకు చేయించుకునే మార్పుల గురించి మీ వాహనాల పేజీలో వచ్చిన వ్యాసం, వీల్ స్పేసర్‌ను కేవలం అలంకారంగా చూపించింది. చక్రాలు మడ్‌గార్డులు దాటి బయటికి వస్తే బండికి ఠీవి వస్తుందన్న మాటతో నాకు పేచీ లేదు. కానీ హబ్బుకూ (ఇరుసు చివర చక్రాన్ని బిగించే దిమ్మ) రిమ్ముకూ మధ్య దూర్చే ఆ అల్యూమినియం బిళ్ళ, చక్రం ఊడిపోకుండా పట్టి ఉంచే బిగింపు జోలికే వెళ్తుందన్న సంగతి అందులో ఎక్కడా లేదు. విజయవాడలో ఆటోమొబైల్ పాఠాలు చెప్పే అధ్యాపకుడిగా ఆ లోటు పూరించాలని ఈ లేఖ రాస్తున్నాను.

నట్టు బిగించినప్పుడు స్టడ్డు (హబ్బు నుంచి బయటికి పొడుచుకొచ్చే మర బోల్టు) రవ్వంత సాగి, రిమ్మును హబ్బు మీదికి అదిమి పడుతుంది. బండి బరువును ప్రధానంగా మోసేది ఆ అదుము వల్ల పుట్టే ఒరిపిడే తప్ప స్టడ్డులు కావు. అదుము సడలిందంటే ప్రతి గుంతలోనూ స్టడ్డు అటూ ఇటూ వంగుతూ, చివరికి మర మొదట్లో తెగుతుంది. మారుతి జిమ్నీనే తీసుకుంటే దాని స్టడ్డు మందం 12 మి.మీ., ఒక్కో చుట్టు మర 1.25 మి.మీ. నట్టు కనీసం స్టడ్డు మందమంత మేర పట్టాలన్నది వాడుకలో ఉన్న లెక్క, అంటే దాదాపు పది చుట్లు. సొంత స్టడ్డులు లేని 10 మి.మీ. పలక బిళ్ళను మధ్యలో పెడితే ఎనిమిది చుట్ల మర దానికే పోతుంది. మిగిలిన కాస్త మర మీద కూడా గాలి గన్ను టకటకా కొట్టి ఆగుతుంది కాబట్టి, పక్కన నిలబడి చూసే యజమానికి అంతా గట్టిగా బిగిసినట్టే అనిపిస్తుంది. కంపెనీ చెప్పే 100 న్యూటన్ మీటర్ల బిగువును టార్క్ రెంచితో సరిచూసే దుకాణాలు మన దగ్గర ఎన్ని ఉన్నాయో పాఠకులే ఆలోచించుకోవచ్చు.

హబ్బుకు ఒక వరుస నట్లతో బిగించి, తన సొంత స్టడ్డుల మీద చక్రాన్ని మోసే 25, 30 మి.మీ. మందపు స్పేసర్లు వీటికంటే చాలా మేలు. అవి కూడా పోత పోసినవి కాకుండా ఫోర్జింగ్ (లోహాన్ని గట్టిగా అదిమి మలచడం) చేసినవై, మధ్య రంధ్రం హబ్బు మీద వదులు లేకుండా కూర్చునేవై ఉండాలి. జిప్సీకీ జిమ్నీకీ పాత థార్‌కూ అయిదు స్టడ్డుల వలయం అడ్డుకొలత 139.7 మి.మీ.యే కావడంతో, మధ్య రంధ్రం సంగతి చూడకుండానే ఒకే సరుకును అందరికీ అంటగడుతున్నారు. పైగా లోపలి నట్లు చక్రం వెనుక దాగి ఉంటాయి గనుక, చక్రం విప్పితే తప్ప అవి వదులయ్యాయో లేదో తెలియదు. మారేడుమిల్లి వైపు వానాకాలంలో తిరిగి వచ్చిన బండి చక్రం ఒక్కసారి విప్పించి చూడండి, హబ్బుకూ బిళ్ళకూ మధ్య ఎర్రమట్టి పొర కట్టి ఉంటే లోపల కదలిక మొదలైందనే అర్థం. ఇక చక్రం బయటికి జరిగిన కొద్దీ బేరింగు మీద పడే భారం సంగతి, బరువును ఒంటికి దగ్గరగా పట్టుకోవడానికీ చేయి చాచి పట్టుకోవడానికీ ఉన్న తేడా లాంటిదే.

ఆఫ్‌రోడ్ వాళ్ళకు నిజమైన అవసరం ఒకటుందని ఒప్పుకోవాలి. జిమ్నీకి కంపెనీ ఇచ్చే 195 మి.మీ. వెడల్పు టైరు బదులు 235 మి.మీ. టైరు వేస్తే లోపలి వైపే 20 మి.మీ. పెరిగి, స్టీరింగు పూర్తిగా తిప్పినప్పుడు టైరు సస్పెన్షన్ ముందు ఆర్ముకు రాసుకుంటుంది. దానికి విరుగుడు స్టీరింగు స్టాపరు బోల్టును కొద్దిగా సవరించడమో, తగిన వెడల్పూ ఆఫ్‌సెట్టూ (రిమ్ము హబ్బు మీద ఎంత లోపలికి లేదా బయటికి కూర్చుంటుందో చెప్పే కొలత) ఉన్న రిమ్ములు కొనుక్కోవడమో. రెండో దానికి ఖర్చు ఎక్కువే, కానీ అందులో అదనపు కీలు ఉండదు. స్పేసర్లతో బండి బోల్తా పడదన్న ప్రచారం మాత్రం అతిశయోక్తి. ముందు చక్రాల మధ్య 1,395 మి.మీ. దూరమున్న బండికి చెరో 30 మి.మీ. కలిపితే పెరిగేది నాలుగు శాతం చిల్లర. సస్పెన్షన్‌ను రెండంగుళాలు లేపినందుకు పోయే నిలకడను అది పూడ్చలేదు.

చట్టం విషయానికొస్తే, మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను, రిజిస్ట్రేషను పత్రంలోని వివరాలు తయారీదారు ఇచ్చిన వాటికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదంటోంది. 2019 సవరణతో వచ్చిన 182ఎ సెక్షను కింద, అనుమతి లేని ఒక్కో మార్పుకూ యజమానికి రూ.5,000 జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు. శిక్ష యజమానికి సరే, బిళ్ళ ఏ లోహంతో చేశారో కూడా చెప్పకుండా అమ్మినవాడిని అడిగేదెవరు? సొంత కారుకు రిజిస్ట్రేషను గడువు 15 ఏళ్ళు కాబట్టి, అప్పటిదాకా రవాణా శాఖ అధికారి ఆ చక్రం వంక చూసే సందర్భమే రాదు. జర్మనీలో స్పేసరుకు సాంకేతిక ధ్రువపత్రం లేకపోతే దానితో రోడ్డెక్కడానికి వీల్లేదు. మన దగ్గరా పుణెలోని వాహన పరిశోధన, పరీక్షల సంస్థ ఏఆర్‌ఏఐ వంటి వాటి చేత పరీక్ష చేయించి, ఏ బండికి ఎంత మందం సరిపోతుందో బిళ్ళ మీదే చెక్కించి, అలా ముద్ర లేని సరుకు అమ్మకాన్ని నిషేధించాలని కేంద్ర రవాణా మంత్రిత్వ శాఖను కోరుతున్నాను. సొంత స్టడ్డులు లేని పలక బిళ్ళల విషయంలో మాత్రం పరీక్షల దాకా ఆగనక్కర లేదు, వాటి అమ్మకాన్ని ఇప్పుడే ఆపవచ్చు.

ఇట్లు,
ఒక పాలిటెక్నిక్ అధ్యాపకుడు,
విజయవాడ