సలహా కేంద్రం వార్షిక నివేదిక, 2024–25

సభ్యులందరికీ నమస్కారం.

జమాఖర్చుల పట్టికను ఆడిటర్ సంతకంతో విడిగా పంపాం, కాబట్టి డబ్బుల సంగతి ఇక్కడ మళ్ళీ రాయడం లేదు. పింఛను, ఇంటి కాగితాలు, న్యాయ సహాయం లాంటి పనుల మీద సలహాకి ఏడాదిలో ఎంతమంది మన దగ్గరికి వచ్చారో చెప్పమని కొందరు అడిగారు. ఆ సంఖ్య కూడా కావాలనే పెట్టలేదు. మన రిజిస్టర్‌లో ఎక్కేది మనిషి కాదు, రాక. ఒకే తాతగారు ఒకే పని మీద నాలుగుసార్లు వస్తే నాలుగు వరసలు నిండుతాయి. ఆ లెక్కన మన పని ఎంత నత్తనడక నడిస్తే సంఖ్య అంత ఘనంగా కనిపిస్తుంది. వచ్చే ఏడాది నుంచి మనిషికో నంబరు ఇచ్చి రాయాలని కార్యవర్గం నిర్ణయించింది.

కిందటి సర్వసభ్య సమావేశంలో ఒక సభ్యుడు లేచి, "మీ దగ్గరికి వస్తే మీరు ఇంకొకరి దగ్గరికి పంపుతారు, అంతేగా" అన్నారు. అప్పుడు నాకు కోపం వచ్చింది. తర్వాత పాత కాగితాలు తిరగేస్తే ఆయన మాట నిజమే అనిపించింది. మనం సలహా చెబుతున్నాం, ఫలానా ఆఫీసుకి వెళ్ళమంటున్నాం, అక్కడితో మన పని అయిపోయింది అనుకుంటున్నాం. ఆ మనిషి అక్కడికి వెళ్ళి మొదటి నుంచి మళ్ళీ చెప్పుకోవాలి. అక్కడి నుంచి ఇంకోచోట. కవిటి వైపు నుంచి వచ్చిన ఒకామె మన బల్ల ముందే కూర్చుని, "ఏటి బాబూ, ఇదే కత ఇంకా ఎంతమందికి సెప్పాల? సెప్పి సెప్పి నోరు పోతంది" అంది. ఈ ఏడాది మనం చేసిన పనంతా ఆమె అడిగిన ఆ ప్రశ్న చుట్టూనే తిరిగింది.

స్లిప్పు

మొదట చేసింది ఒక చిన్న కాగితం. దానికి చీటీ అని పేరు పెడితే, పాటల చీటీ అనుకుని ఒకాయన నెలకి ఎంత కట్టాలని అడిగారు. అందుకని స్లిప్పు అంటున్నాం. అందులో మనిషి పేరు, సమస్య నాలుగు వరసల్లో, మనం చూసిన కాగితాలేవి, ఏ ఆఫీసులో ఏ సీటుకి పంపుతున్నాం, వాళ్ళు ఏం చేయాలని అడుగుతున్నాం, మళ్ళీ ఎప్పుడు వాకబు చేస్తాం అన్నవి ఉంటాయి. ఆధార్ నంబరు ఉండదు. కింద ఆ మనిషి సంతకం గాని వేలిముద్ర గాని ఉంటుంది. నా సంగతి ఫలానా ఆఫీసుకి చెప్పొచ్చు అని ఆఫీసు ఆఫీసుకీ విడిగా ఒప్పుకోవాలి. న్యాయ సహాయానికి ఒప్పుకున్నంత మాత్రాన బ్యాంకుకి చెప్పేందుకు కూడా ఒప్పుకున్నట్టు కాదు. మనిషిని పంపే ముందు ఆ సీటుకి ఫోన్ చేస్తాం. ఫోన్ ఎత్తకపోతే పంపం.

వినడానికి ఇది పెద్ద పనిలా ఉండదు. కానీ స్లిప్పు పట్టుకుని వెళ్ళిన వాళ్ళని కూర్చోమంటున్నారట. అంతకుముందు గుమ్మం దగ్గరే నిలబెట్టేవారట.

గృహహింస విషయాల్లో మాత్రం స్లిప్పు రాయడం మానేశాం. సంచిలో ఆ కాగితం ఇంట్లో వాళ్ళకి దొరికితే వచ్చే ముప్పు, మనం చేయగల మేలు కంటే పెద్దది. వాళ్ళని మన మహిళా సభ్యులే వెంటబెట్టుకుని వన్ స్టాప్ సెంటర్‌కి తీసుకెళ్తున్నారు. వైద్యం, పోలీసు, వకీలు, బస అన్నీ అక్కడే చూస్తారు. మహిళా హెల్ప్‌లైన్ 181 నంబరు ఒక్కటి నోటితో చెప్పి పంపుతున్నాం.

డయాలిసిస్ రోజులు

మన శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలోని కిడ్నీ జబ్బు గురించి మన సభ్యులకి కొత్తగా చెప్పక్కర్లేదు. పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో మొదలయ్యాయి. హిరమండలం నుంచి వంశధార నీళ్ళు ఊళ్ళకి వస్తున్నాయి. డయాలిసిస్ చేయించుకునే వారికి నెలకి 10,000 రూపాయల పింఛను ఉంది. కాగితం మీద చూస్తే ఒక్కో అవసరానికి ఒక్కో ఆఫీసు ఉంది. ఒక ఆఫీసు క్యాలెండర్ ఇంకో ఆఫీసుకి తెలియకపోవడం దగ్గరే తిప్పలన్నీ.

నోరు పోతంది అన్న ఆమె సంగతే చూడండి. ఆమె డయాలిసిస్ సోమ, గురువారాల్లో. పింఛను ఇచ్చేది ఒకటో తారీకున. 2024 జూలై 1 సోమవారం, ఆగస్టు 1 గురువారం. రెండుసార్లూ గ్రామ సచివాలయం ఉద్యోగి ఇంటికి వచ్చేసరికి తాళం ఉంది, ఆమె పలాసలో మంచం మీద ఉంది. ఇంటి స్థలం కాగితంలో చనిపోయిన భర్త పేరు తీయించి తన పేరు వేయించుకోవాలని అర్జీ పెట్టాలి. కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునే గ్రీవెన్సు కూడా సోమవారమే. అర్జీ మండలంలో ఇచ్చినా చాలు అంటే ఆమె ఒప్పుకోదు, పెద్దాఫీసులోనే పడాలంటుంది. పట్టుదల ఉన్న మనిషి.

దీనికి మనం చేసింది రెండు ఫోన్లు. సచివాలయం వెల్ఫేర్ అసిస్టెంట్‌కి డయాలిసిస్ రోజులు చెప్పి, ఒకటో తారీకు ఆ రోజుల్లో పడితే సాయంత్రం వెళ్ళమన్నాం. ఆయన వెంటనే సరేనన్నారు, ముందే చెప్పి ఉంటే బాగుండేది అని కూడా అన్నారు. అర్జీని ఆమె సంతకంతో మన సభ్యుడే సోమవారం తీసుకెళ్ళి ఇచ్చి, రశీదు నంబరు స్లిప్పు వెనక రాశాడు. పేరు మార్పు ఇంకా కాలేదు. పింఛను మాత్రం అప్పటి నుంచి తప్పలేదు.

ఒక మాట చెప్పాలి. ఇంతకుముందు ఇలాంటివి వీధిలో ఉండే ప్రభుత్వ వాలంటీరుని అడిగేవారు. 2024 జూలై నుంచి పింఛను సచివాలయ ఉద్యోగులే ఇంటికి తెచ్చి ఇస్తున్నారు. డబ్బు చేతికి అందడంలో ఇబ్బంది లేదు. కానీ సందేహం వస్తే అడగడానికి పక్కింటి మనిషంటూ ఒకరు లేకుండా పోయారు. 2025 జనవరి నుంచి వైకల్య పింఛన్లు పొందేవారికి మళ్ళీ పరీక్షలు మొదలయ్యాక ఆ లోటు బాగా తెలిసింది. నోటీసు చేతిలో పట్టుకుని, ఇది పింఛను ఆపేస్తున్నట్టా, పరీక్షకి రమ్మన్నట్టా అని టెన్షన్ పడుతూ వచ్చినవారే ఎక్కువ. చదివి చెప్పడమే సగం పని. మంచం మీద ఉన్నవారి విషయంలో ఏఎన్‌ఎంలతో మాట్లాడుకోవడం వల్ల కొంత తేలికైంది.

న్యాయ సేవాధికార సంస్థతో

జిల్లా న్యాయ సేవాధికార సంస్థ మనకి ఈ ఏడాది బాగా దగ్గరైంది. మహిళలకి, పిల్లలకి, ఎస్సీ ఎస్టీలకి, వికలాంగులకి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలుని పెడతారన్న సంగతి ఇప్పటికీ చాలామందికి తెలియదు. 1987 నాటి చట్టం అది. ఉచిత న్యాయ సహాయం కోసం ఫోన్ చేసే 15100 నంబరుని మన బల్ల మీద పెద్ద అక్షరాలతో అతికించాం.

రాజాం వైపు వారి తికమక వేరు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాక వారి కలెక్టరేట్ విజయనగరం. కోర్టు లెక్కలో మాత్రం ఇప్పటికీ శ్రీకాకుళమే. పింఛను అర్జీకి ఒక వైపు, న్యాయ సహాయానికి ఇంకో వైపు వెళ్ళాలి. మనమే ఇద్దరిని తప్పు దిక్కుకి పంపాం. ఆ తర్వాతే మండలాల వారీగా ఏ పనికి ఏ ఊరో గోడ మీద రాయించాం.

ఇంకో తప్పు కూడా మనదే. పిల్లలు చూడడం లేదని వచ్చిన ఒక పెద్దాయనని 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టం కింద ఆర్డీవో దగ్గరికి పంపాం. ఆయనది పలాస డివిజన్. మనం పంపింది టెక్కలికి. పాపం, ఆ వయసులో ఎండలో ఒక రోజు పోయింది. రెండోసారి వెళ్ళమంటే, "కొడుకు మీద కేసా, వద్దులే బాబూ" అని ఊరుకున్నారు. మొదట రాజీకి పిలిచే వీలు ఆ చట్టంలోనే ఉందని తర్వాత విడమర్చి చెప్పాం. కొడుకుతో మాట్లాడి చెబుతానన్నారు. ఇంకా రాలేదు.

ఎక్కువ రోజులు పట్టింది మందస వైపు కుటుంబం విషయం. ఇంటాయన చెన్నైలో భవనం పని చేస్తూ పడి చనిపోయారు. మేస్త్రీ కొంత నగదు ఇచ్చి ఏదో కాగితం మీద సంతకం పెట్టించుకున్నాడు. అంతటితో తీరిపోయిందనే వాళ్ళు అనుకున్నారు. అప్పటికి అమల్లో ఉన్న 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం ప్రకారం ప్రమాదం జరిగిన రెండేళ్ళ లోపు పరిహారం అడగొచ్చు. అందుకు చెన్నై వెళ్ళక్కర్లేదు, కుటుంబం ఉండే చోటే వేయొచ్చు. ఇది తెలిసేసరికి ఏడాది దాటింది. వకీలుని న్యాయ సేవాధికార సంస్థ ఇచ్చింది. కార్మిక శాఖ వాళ్ళు ఏ కాగితాలు కావాలో రాసిచ్చారు. తీరా చూస్తే ఎఫ్‌ఐఆర్ తమిళంలో ఉంది. మన సంఘంలోనే ఇరవై ఏళ్ళు చెన్నైలో హోటల్ నడిపి వచ్చినాయన ఉన్నారు. రెండు రాత్రులు కూర్చుని తెలుగు చేసి పెట్టారు. కేసు నడుస్తోంది.

జరిగిన పొరపాటు

దాచడం ఇష్టం లేదు. మనమూ, మనం మనుషుల్ని పంపే ఆఫీసుల వాళ్ళూ కలిసి ఒక వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నాం. తొందరలో మన కార్యకర్త ఒకరు ఒక మహిళ ఆధార్, ఆసుపత్రి కాగితాల ఫోటోలు అందులో పెట్టారు. సంబంధం లేని వాళ్ళంతా చూశారు. తీసేసినా చూసినవాళ్ళు చూశారు. ఆమె ఇంటికి వెళ్ళి క్షమాపణ చెప్పాం. ఆమె ఏమీ అనలేదు, కానీ ఆ తర్వాత మన దగ్గరికి రాలేదు. ఇప్పుడు గ్రూపులో స్లిప్పు నంబరు తప్ప ఇంకేదీ పెట్టకూడదు.

బదిలీల సంగతి కూడా రాయాలి. ఒక కార్యాలయంలో మనతో బాగా ఉండే ఆయన బదిలీ అయ్యారు, పది స్లిప్పుల దాకా ఎక్కడున్నాయో తెలియలేదు. మనం మనిషితో స్నేహం చేశాం, సీటుతో చేయలేదు. ఇప్పుడు ఆ ఆఫీసుల వాళ్ళతో రెండు నెలలకోసారి కలిసినప్పుడు పెండింగ్ స్లిప్పులు గట్టిగా చదువుతున్నాం, కొత్తగా వచ్చినవాళ్ళు వింటారని. మొదటి సమావేశానికి సగం మంది రాలేదు. టీతో పాటు ఉప్మా పెట్టాక వస్తున్నారు.

స్లిప్పు పుస్తకాలు అయిపోవచ్చాయి. కొత్తవి అచ్చు వేయించేటప్పుడు వెనక వైపు ఒడియాలో కూడా వేయిద్దామని ఇచ్ఛాపురం సభ్యులు అడిగారు. అక్కడి నుంచి వచ్చేవారిలో తెలుగు మాట్లాడినా చదవలేని వాళ్ళున్నారు. ఒడియా చదవడం, రాయడం బాగా వచ్చిన సభ్యులు ఎవరైనా ఉంటే ప్రూఫు చూసి పెట్టాలి. ఏ మంగళవారమైనా సాయంత్రం ఆఫీసుకి రండి, తాళం నా దగ్గరే ఉంటుంది.

కార్యదర్శి